కిటికీ అద్దాల శుభ్రత వృత్తి: స్థానిక గిరాకీని అంచనా కట్టడం

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైదరాబాదు పడమటి భాగంలో కట్టడాల రూపమే మారుతూ వచ్చింది. ఇటుక గోడ మధ్య చిన్న కిటికీ ఉండే పాత పద్ధతి వెనుకబడి, గోడంతా అద్దమే అయిన కార్యాలయ భవనాలు వరుసగా లేచాయి. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి అంతస్తుల మొత్తం విస్తీర్ణం ఉండరాదనే పరిమితిని 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 86వ నంబరు ఉత్తర్వుతో తొలగించి, ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తును నిర్ణయించే విధానం తెచ్చిన తరువాత నివాస భవనాలు కూడా పైపైకి పెరిగి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట, నార్సింగి ప్రాంతాల్లో ముప్పై నలభై అంతస్తుల గృహసముదాయాలు మామూలు దృశ్యమయ్యాయి. ఇంత అద్దం ఉన్నచోట దాన్ని తుడిచే వృత్తికి పని దొరకకపోదనే నమ్మకంతో, ఇంట్లో దాచుకున్న సొమ్ము వెచ్చించో, బంగారం కుదువపెట్టో పరికరాలు కొనే యువకులు ఉంటారు. ఆ నమ్మకం ఒక పేటలో ఎంతవరకు నిజమో కొనుగోళ్లకు ముందే తెలుసుకునే పద్ధతులను వివరించడం ఈ ప్రసంగ ఉద్దేశం.

కోరికకూ గిరాకీకీ మధ్య ఉన్న తేడాను ఆడమ్ స్మిత్ 1776లో వెలువరించిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో స్పష్టం చేశాడు. ఆరు గుర్రాల బండి కావాలని నిరుపేద కూడా అనుకోవచ్చు గాని, ఆ కోరిక వల్ల బండి బజారుకు రాదు. సరుకును బజారుకు తేవడానికి అయ్యే ఖర్చంతా చెల్లించడానికి సిద్ధపడినవారి కోరికనే ఆయన ఫలవంతమైన గిరాకీగా లెక్కించాడు. ఈ విభజన కిటికీల విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. దుమ్ము పట్టిన అద్దం అవసరానికి గుర్తు మాత్రమే. ఆ అద్దం వెనుక నివసించేవారు దాన్ని మురికిగా భావించాలి, తుడవడం తమ వల్ల కాదనుకోవాలి, మరొకరికి డబ్బిచ్చి చేయించడం సబబని ఒప్పుకోవాలి, అన్నిటికీ మించి కొన్ని నెలల తరువాత మళ్లీ పిలవాలి. ఈ నాలుగు మెట్లలో ప్రతిదాని దగ్గరా కొందరు ఆగిపోతారు కాబట్టి, పేటలోని కిటికీల సంఖ్యను ధరతో హెచ్చించి వచ్చే ఆదాయం కాగితం మీది ఆదాయమే అవుతుంది.

అందువల్ల పరిశోధనలో మొట్టమొదట అడగవలసినది ఎన్ని కిటికీలున్నాయని కాదు, ఈ పని ప్రస్తుతం ఎవరు చేస్తున్నారని. పెద్ద కార్యాలయ భవనాల వెలుపలి అద్దాలను, అంటే వ్యవహారంలో ఫసాడ్ అనే ముఖభాగాన్ని, భవన నిర్వహణ మొత్తాన్ని గుత్తకు తీసుకున్న ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ సంస్థలు వార్షిక ఒప్పందాల కింద శుభ్రం చేయిస్తాయి. పైకప్పు నుంచి వేలాడే గొండోలా అనే తొట్టెలోనో, శిక్షణ పొందినవారు తాళ్ల సాయంతో దిగే రోప్ యాక్సెస్ పద్ధతిలోనో ఆ పని సాగుతుంది. బీమా, శిక్షణ ధ్రువపత్రాలు, గత అనుభవం లేని కొత్త వ్యక్తికి అక్కడ నేరుగా ప్రవేశం దొరకడం చాలా కష్టం. ఆ అద్దాలు ఎంత మెరిసినా అతని లెక్కలోకి రావు. నగల దుకాణాలు, బట్టల షోరూములు, కార్ల షోరూములు, డయాగ్నస్టిక్ కేంద్రాల ముందు అద్దాలను ఉదయం తలుపు తీయగానే అక్కడి సిబ్బందిలో ఒకరు వైపరుతో లాగేస్తారు. ఇళ్లలో లోపలి వైపును పనిమనిషి పాత వార్తాపత్రికతోనో తడిగుడ్డతోనో పండుగకు ముందు తుడుస్తుంది. వెలుపలి వైపు వానకు వదిలేయడమే ఎక్కువ. కొత్తగా వృత్తి మొదలుపెట్టే వ్యక్తికి అసలు పోటీ పక్క వీధిలోని మరో సంస్థ నుంచి కాక, వదిలేయడమనే ఈ అలవాటు నుంచే వస్తుంది. ఉన్న పోటీదారుకన్నా తక్కువ ధర చెప్పి ఖాతాదారును తెచ్చుకోవచ్చు గాని, ఇంతవరకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టని పనికి ఖర్చు పెట్టించడం అంతకన్నా చాలా కష్టమైన పని.

ఇక కిటికీ నిర్మాణాన్ని దగ్గరగా చూడాలి. గిరాకీ అంచనాలో తరచుగా విస్మరణకు గురయ్యే అంశం ఇదే. పాత కాలనీల్లో చెక్క చట్రాలకు ఇనుప ఊచలు, చిన్న చిన్న అద్దపు పలకలు ఉంటాయి. అక్కడ శ్రమ ఎక్కువ, కనిపించే ఫలితం తక్కువ. కొత్త ఫ్లాట్లలో యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ చట్రాల్లో పక్కకు జరిగే తలుపులు, వాటి వెంట దోమల జాలీ, కొన్నిచోట్ల భద్రత కోసం గ్రిల్, బాల్కనీలకు పావురాల వల ఉంటాయి. జాలీని తీసి కడిగి తిరిగి బిగించడానికి అద్దం తుడవడానికి పట్టినంత సమయం పట్టవచ్చు. జరిగే తలుపుల పట్టాలలో పేరుకున్న మట్టిని తీయడం మరో పని. గ్రిల్ వెలుపల ఉంటే లోపలి నుంచి చేయి పోదు. కదలని అద్దమైతే బయటి వైపును లోపలి నుంచి అందుకోవడమే కుదరదు. వీధిలో నిలబడి ఒక్కొక్క భవనాన్ని చూస్తూ, ఎన్ని కిటికీలు లోపలి నుంచే అందుతాయి, ఎన్నింటికి నేల మీద నుంచి పొడవాటి గొట్టం బ్రష్షు సరిపోతుంది, ఎన్నింటికి తాడు తప్పదు అని మూడు భాగాలుగా రాసుకుంటే, పేటలో చేయగల పని ఎంతో అప్పుడే తేలుతుంది. మొదటి రెండు భాగాలే చిన్న సంస్థకు చెందినవి.

మురికి స్వభావం కూడా ఊరినిబట్టి మారుతుంది, దానితోపాటు ఖాతాదారు మళ్లీ పిలిచే వ్యవధీ మారుతుంది. హైదరాబాదులో ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా పొడి దుమ్ము, నిర్మాణాలు సాగేచోట సిమెంటు పొడి, రాతి పొడి అద్దాలపై నిలుస్తాయి. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ల అద్దాల మీద గాలితో వచ్చే ఉప్పు పొర కడతుంది. ఓడరేవుకు దగ్గరి పేటల్లో ఖనిజాల ధూళి సమస్య ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ఉప్పు పొరకు వారాల వ్యవధి చాలు, కాబట్టి సముద్రతీర గృహస్థుకు ఏడాదికి ఆరుసార్లు సేవ అవసరం కావచ్చు. అదే విస్తీర్ణం గల ఫ్లాటు కొండాపూర్‌లో ఉంటే రెండుసార్లతో సరిపెట్టుకోవచ్చు. ఒక నగరపు లెక్కను మరో నగరానికి ఎత్తి వేయడం అందుకే తప్పుతుంది.

నీటి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రమాణం లీటరులో 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన ఘనపదార్థాలను ఆమోదిస్తూ, మరో ఆధారం లేనిచోట 2000 వరకు అనుమతిస్తుంది. తాగడానికి పనికివచ్చే ఈ నీరే అద్దం మీద ఆరిపోతే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చారలుగా మిగులుతాయి. బోరు నీటి మీద, ట్యాంకరు నీటి మీద ఆధారపడిన సముదాయాల్లో ఈ చారలే గృహస్థుల ప్రధానమైన ఫిర్యాదు కావచ్చు. ఇంట్లోవాళ్లు ఎంత రుద్దినా పోవు కాబట్టి, డబ్బిచ్చి చేయించుకోవడానికి అదే కారణం కూడా కావచ్చు. కరిగిన ఘనపదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరికే చిన్న పరికరం. దానితో పేటలోని పది చోట్ల నీటిని పరీక్షిస్తే, గిరాకీకి ఒక కారణమూ, లవణాలు తీసివేసిన నీటిని వెంట తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చూ రెండూ ఒకేసారి తెలుస్తాయి.

గిరాకీ పరిమాణాన్ని నిర్ణయించే అసలు కీలకం ఖాతాదారుల సంఖ్యకన్నా వారు తిరిగి పిలిచే తరచుదనంలో ఉంది. ఊహకు ఒక లెక్క తీసుకోవచ్చు. ఇద్దరు మనుషుల జట్టు ఒక ఫ్లాటుకు రెండు గంటల చొప్పున రోజుకు నాలుగు ఫ్లాట్లు, నెలకు ఇరవైనాలుగు పనిదినాల్లో 96 ఫ్లాట్లు చేస్తుందనుకుంటే, ఏడాదికి 1152 పనులు కావాలి. ప్రతి ఇల్లూ ఏడాదికి రెండుసార్లు పిలిస్తే ఆ జట్టు ఖాళీ లేకుండా ఉండడానికి 576 ఇళ్ల ఆదరణ అవసరం. నూటికి ఐదు ఇళ్లు మాత్రమే ఒప్పుకున్నాయనుకుంటే, ఆ 576 ఇళ్ల కోసం 11,520 ఫ్లాట్లున్న ప్రాంతం కావాలి. అంత ప్రాంతమంటే ట్రాఫిక్‌లో గడిచే గంటలు కూడా అంతే పెరుగుతాయి. అదే జట్టు నెలకు దొరికే 192 గంటలను ఒక్కో దుకాణానికి అరగంట చొప్పున వెచ్చిస్తే 384 సందర్శనలు సాధ్యమవుతాయి. వారానికొకసారి పిలిచే దుకాణాలైతే 96 చాలు, అవి ఒకే బజారులో ఇరుపక్కలా ఉంటే రోడ్డు మీద పోయే కాలం దాదాపు లేనట్టే. దుకాణం ఇచ్చే మొత్తం ఫ్లాటు ఇచ్చేదానికన్నా చాలా తక్కువే కావచ్చు. అయినా కూకట్‌పల్లి, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి బజారుల్లో వాకబు చేయకుండా ఎత్తైన గృహసముదాయాల వైపే చూడడం తొందరపాటు అవుతుంది. ఈ లెక్కలోని అంకెలు ఊహించినవే. పేటలో చేసే పరిశోధన ఫలితంతో ఒక్కొక్కటిగా వాటిని మార్చుకుంటూ పోవడమే అంచనా కట్టడమంటే.

ఆ అంకెలకు కొంత ఆధారం ఇప్పటికే ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016 కింద ఏర్పడిన రెరా సంస్థలు తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను నమోదైన ప్రాజెక్టుల వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచుతున్నాయి. ఒక సముదాయంలో ఎన్ని ఫ్లాట్లు, ఎప్పటికి పూర్తి కావాలి అన్నవి అక్కడ చూడవచ్చు. అయితే బిల్డరు ప్రకటించిన గడువు వేరు, నివాసానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చే తేదీ వేరు, కుటుంబాలు నిజంగా దిగే తేదీ వేరు. పెట్టుబడి కోసం కొని తాళం వేసి ఉంచిన ఫ్లాట్లు గిరాకీలోకి రావు. సాయంత్రం ఏడెనిమిది గంటల మధ్య దీపాలు వెలిగిన ఫ్లాట్లను రోడ్డు మీద నుంచి లెక్కపెట్టడం మోటు పద్ధతే అయినా, పైసా ఖర్చు లేకుండా రికార్డును సరిదిద్దే పద్ధతి. జనాభా లెక్కల్లో ఇళ్ల సమాచారం వివరంగా ఉంటుంది గాని, ఇప్పటికి చేతిలో ఉన్నవి 2011 నాటి వివరాలు. ఆ తరువాత కోకాపేట వంటి ప్రాంతాలు గుర్తుపట్టలేనంత మారాయి కాబట్టి వాటిని వాడకపోవడమే మేలు. గూగుల్ ట్రెండ్స్ చూపే అంకెలు వెతుకులాటల అసలు సంఖ్యలు కావు, సున్నా నుంచి నూరు వరకు గల సాపేక్ష కొలత మాత్రమే. నగరం మొత్తంలో ఏ నెలలో ఆసక్తి పెరుగుతుందో సూచించగలవు గాని ఒక పేట సంగతి చెప్పలేవు. అంతకన్నా విలువైనవి గూగుల్ మ్యాప్స్‌లోను, జస్ట్ డయల్‌లోను ఇప్పటికే ఉన్న సంస్థల కింద ఖాతాదారులు రాసిన అభిప్రాయాలు. వాటి తేదీలు, పేటల పేర్లు, మళ్లీ మళ్లీ కనిపించే ఫిర్యాదులు వరుసగా రాసుకుంటే ఎక్కడ పని జరుగుతున్నదో, ఎక్కడ అసంతృప్తి మిగిలి ఉన్నదో బయటపడుతుంది.

రికార్డుల తరువాత మనుషులను అడగాలి. అడిగే తీరులోనే ఫలితం ఉంటుంది. ఇంటింటికీ వెళ్లి కిటికీలు శుభ్రం చేయించుకుంటారా అని అడిగితే, తెలుగు గృహస్థుల్లో అత్యధికులు కాదనరు. ఇంటికి వచ్చిన మనిషి మొహం మీద లేదని చెప్పడం మర్యాద కాదనుకుని చూద్దామనో, అవసరమైతే కబురు చేస్తామనో అంటారు; ఆ మాటను అంగీకారంగా రాసుకున్న పరిశోధకుని నోటుపుస్తకం నిండుతుంది గాని పని దొరకదు. భవిష్యత్తు గురించి అడగడం మాని గతం గురించి అడగడం దీనికి విరుగుడు. చివరిసారి బయటి అద్దాలు ఎప్పుడు తుడిచారు, ఎవరు తుడిచారు, ఎంత ఇచ్చారు, ఆ పనిలో ఏది నచ్చలేదు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులు జరిగినవాటికి సంబంధించినవి కాబట్టి వాటికి బరువుంటుంది. ఎన్నడూ చేయించలేదన్న జవాబు కూడా పనికివచ్చేదే. ఇంటి నిర్వహణ తీర్మానాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారినే అడగాలి. చాలా ఇళ్లలో అది గృహిణి, అద్దె ఇళ్లలో మాత్రం ఖర్చు యజమానిదా అద్దెదారుదా అన్న తగవు ముందు తేలాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడి ఫ్లాటును బంధువుల ద్వారా అద్దెకిచ్చే యజమానులు పడమటి హైదరాబాదులో గణనీయంగా ఉన్నారు. అద్దెదారు మారినప్పుడల్లా ఇల్లంతా శుభ్రం చేయించవలసిన వీరి అవసరం నిలకడైనది, వారి తరఫున వ్యవహారం చూసే బంధువును కనుక్కోవడం ఒక్కటే శ్రమ.

గేటెడ్ కమ్యూనిటీల్లో కాపలాదారు దాటి లోపలికి పోవడానికే సంక్షేమ సంఘం అధ్యక్షుని లేదా కార్యదర్శి అనుమతి కావాలి, కాబట్టి పరిశోధకునికి ఎదురయ్యేవారు ఎంపిక లేకుండా దొరికినవారే అవుతారు. గణాంకశాస్త్రం ప్రకారం యాదృచ్ఛికంగా ఎన్నుకున్న నూరు ఇళ్ల నుంచి వచ్చిన శాతంలో ఇటు పదీ అటు పదీ శాతం తేడాకు, నాలుగు వందల ఇళ్లైతే ఇటూ అటూ ఐదు శాతం తేడాకు అవకాశం ఉంటుంది. తెలిసినవారి ద్వారా దొరికిన నూరు ఇళ్లకు ఆ హామీ కూడా లేదు. స్నేహం కొద్దీ ఔననేవారు అందులో ఎక్కువ. అందుచేత సర్వే శాతాన్ని సగానికి తగ్గించుకుని లెక్క వేయడం పిసినారితనం కాదు, జాగ్రత్త.

ధర విషయంలో 1976లో డచ్చి ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ ప్రతిపాదించిన పద్ధతి చిన్న వ్యాపారికి కూడా ఉపయోగపడుతుంది. ఎంతిస్తారని సూటిగా అడగకుండా నాలుగు ప్రశ్నలు వేస్తారు: ఏ ధర మరీ ఎక్కువై పని వద్దనిపిస్తుంది, ఏ ధర ఎక్కువే అయినా ఆలోచించవచ్చనిపిస్తుంది, ఏ ధర లాభసాటి బేరమనిపిస్తుంది, ఏ ధర మరీ తక్కువై పని నాణ్యత మీదే అనుమానం పుట్టిస్తుంది. నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులు కొత్తవారికి మేలుచేస్తాయి, ఎందుకంటే తక్కువ ధరే తమ బలమనుకునేవారికి ఒక హద్దు కిందికి దిగితే నమ్మకం పోతుందని అవి తెలుపుతాయి. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి, ఈ సేవపై పన్ను 18 శాతం. కార్యాలయం ఆ పన్నును తన లెక్కల్లో సర్దుబాటు చేసుకోగలదు గాని గృహస్థుకు అది నేరుగా భారమే. సంస్థ ఎదిగిన తరువాత ఇళ్లకు చెప్పవలసిన ధర ఎంతో ముందే ఊహించి, ఆ ధర దగ్గర కూడా గిరాకీ నిలుస్తుందో లేదో చూడాలి.

ఎన్ని ప్రశ్నలు వేసినా మాట మాటే. మనుషుల అభిరుచి వారు చెప్పేదానిలో కాక వారు కొనేదానిలో వెల్లడవుతుందనే భావనకు 1938లో పాల్ శామ్యూల్సన్ శాస్త్రీయ రూపమిచ్చాడు. అదే దశకంలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా వేస్తూ, పూర్తి సర్వేకు ముందు చిన్న ప్రాంతంలో ప్రయోగాత్మకంగా చేసే పైలట్ సర్వేను ఒక పద్ధతిగా నిలబెట్టాడు. ఖర్చెంతవుతుందో, పొరపాట్లెక్కడ దొర్లుతాయో ముందే తెలుసుకోవడం దాని ప్రయోజనం. ఈ రెండు భావనలూ కలిసేచోటు ఒకే వీధిలో, అద్దెకు తెచ్చిన లేదా కనీస పరికరాలతో, పూర్తి ధరకే చేసే కొద్దిపాటి పనులు. ఉచితంగా చేసి చూపిస్తే గిరాకీ గురించి ఏమీ తెలియదు, ఊరికే వచ్చేదాన్ని ఎవరూ వద్దనరు. కొద్ది మొత్తమైనా ముందుగా చెల్లించి తేదీ ఖాయం చేసుకున్నవారు ఎందరు, ఒక్కో కిటికీకి నిజంగా పట్టిన నిమిషాలెన్ని, మూడు నెలల తరువాత మళ్లీ పిలిచినవారు ఎందరు అన్న మూడు అంకెలు, వందల జవాబుల సర్వేకన్నా బలమైన సాక్ష్యాలు.

ఈ ప్రయోగాన్ని ఏ నెలలో జరిపారన్నది మరువరాదు. సంక్రాంతికి, దసరాకు, దీపావళికి ముందు బూజు దులిపి ఇల్లు కడిగే ఆచారం వల్ల ఆ వారాల్లో పనికి కొరత ఉండదు. ఆ వారాల ఫలితాన్ని పన్నెండుతో హెచ్చించినవారు వానాకాలంలో చేతులు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. కొత్త ఇళ్లలో సిమెంటు మరకలు, రంగు చుక్కలు తీసే పని గృహప్రవేశ ముహూర్తాలను అనుసరించి నడుస్తుంది; ఆషాఢంలో, శూన్యమాసాల్లో, మూఢం రోజుల్లో అది దాదాపు ఆగిపోతుంది. బ్యాంకు లెక్కల ఏడాదిని ఏప్రిల్ నుంచి చూసినా, ఈ వృత్తిలో రాబడి నెలలను పంచాంగం దగ్గర పెట్టుకునే గుర్తించాలి.

భద్రతకయ్యే ఖర్చు గిరాకీ లెక్కలోనే భాగమని గట్టిగా చెప్పవలసి ఉంది. కిటికీ గట్టు మీద ఆధారం లేకుండా నిలబడి తుడిచే పనివాణ్ని పంపి చౌక ధర చెప్పే సంస్థలు ఉన్నచోట, ఐఎస్ 3521 ప్రమాణానికి తగిన నడుము, భుజాల పట్టీలు, బీమా, శిక్షణ కలిపిన ధర ఎక్కువగా కనిపిస్తుంది. ఉద్యోగి పడిపోతే పరిహారం చెల్లించవలసిన బాధ్యత యజమానిదే. పోయిన ప్రాణానికి పరిహారం సమానమూ కాదు. సురక్షితమైన పద్ధతికి తగిన ధర ఇవ్వడానికి పేటలో ఎందరు సిద్ధంగా ఉన్నారో, ఆ సంఖ్యే అక్కడి గిరాకీ. పట్టీ లేకుండా చేస్తే తక్కువకు కుదురుతుందా అని అడిగినవారిని ఖాతాదారుల జాబితా నుంచి తీసివేసే లెక్క వేయాలి.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం వంటి వాటి కింద సేవారంగానికి రుణం కోరేవారు సమర్పించే ప్రాజెక్టు నివేదికలో మార్కెట్ అవకాశాల పేజీ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని నగర జనాభా, ఐటీ రంగ వృద్ధి గురించిన సాధారణ వాక్యాలతో నింపుతారు. దానికి బదులు ఫలానా మూడు వీధుల్లో చేయగల కిటికీలు ఇన్ని, పూర్తి ధర చెల్లించినవారు ఇందరు, మళ్లీ పిలిచినవారు ఇందరు అని రాయగలిగితే, బ్యాంకు అధికారికీ, అంతకన్నా ముఖ్యంగా ఆ రుణాన్ని తీర్చవలసిన కుటుంబానికీ పరిస్థితి విశదమవుతుంది. ఫలితం అనుకూలంగా లేకపోతే వృత్తినే వదులుకోనక్కరలేదు. ఇళ్ల నుంచి తిరిగి పిలుపులు రాని పేటలో బజారు దుకాణాల వారపు పని నిలబడవచ్చు. ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు పెరుగుతున్న కాలనీల్లో, అవే గొట్టం బ్రష్షులు, అదే లవణాలు తీసిన నీరు ఆ ఫలకాలను కడగడానికి పనికివస్తాయి. ఫ్లాట్లను పండుగ నెలలకు మాత్రమే ఉంచుకుని, దగ్గరలో కొత్త సముదాయానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది ఆ పేటలో దీపాలను మరోసారి లెక్కపెట్టవచ్చు.